జీనీ, బివిచ్డ్: అసలు గొడవ ఎవరి మధ్య?

మీరు అడిగినవి మూడు. సోనీ చానల్ వచ్చిన కొత్తల్లో హిందీ డబ్బింగుతో చూసిన 'ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ', 'బివిచ్డ్' సీరియళ్ళ మధ్య తెరవెనక గొడవలు ఉండేవన్నది నిజమేనా, జీనీ బివిచ్డ్‌కి కాపీయేనా, జీనీ టైటిల్స్‌లో పడే సిడ్నీ షెల్డనూ మనం నవలలు చదివిన షెల్డనూ ఒకరేనా అని. మూడోదానికి జవాబు తేలిక, ఆయనే ఈయన. మొదటి రెండింటికీ ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్తే అన్యాయం అవుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. నేను చాలాకాలం శాటిలైట్ చానళ్ళలో షెడ్యూలింగ్ పని చేశాను. ఏ సీరియల్ ఏ టైముకి వెయ్యాలి, అదే టైములో అవతలి చానల్ వాడు ఏం వేస్తున్నాడు, రోజంతా ఇదే టెన్షన్. అందుకని పాత అమెరికన్ టీవీ గురించి చదివినా నటుల ఇంటర్వ్యూలకంటే ముందు స్లాట్లు, డబ్బులు, హక్కులు ఎవరివో చూస్తాను. ఈ రెండు సీరియళ్ళ సంగతి తేలేది కూడా అక్కడే.

ముందు ఇది ఆలోచించండి: రెండూ మీకు ఒకే చానల్లో ఎందుకు కనిపించాయి? అమెరికాలో బివిచ్డ్ వచ్చింది ఏబీసీలో, జీనీ వచ్చింది ఎన్‌బీసీలో. కానీ రెండింటినీ తీసింది ఒకే కంపెనీ, స్క్రీన్ జెమ్స్. అది కొలంబియా పిక్చర్స్ వాళ్ళ టీవీ విభాగం. 1989లో సోనీ కొలంబియాను కొనేసింది, దాంతోపాటు ఈ పాత సీరియళ్ళన్నీ సోనీ చేతికి వచ్చాయి. 1995లో మన దేశంలో చానల్ పెట్టినప్పుడు తమ దగ్గర ఉన్నవాటినే హిందీలోకి డబ్ చేయించి వేసుకున్నారు. అంటే మీరు 'పోటీ' అనుకుంటున్న ఈ రెండింటి లాభమూ మొదటి నుంచీ ఒకే గల్లాపెట్టెలో పడింది. బస్టాండుకు ఆ పక్కా ఈ పక్కా రెండు వేరువేరు బోర్డులతో ఒకడే రెండు హోటళ్ళు నడుపుతుంటే ఎలా ఉంటుందో అలాగే ఇది. వంటవాళ్ళకి ఒకళ్ళ మీద ఒకళ్ళకి గుర్రు ఉండొచ్చు, యజమానికి మాత్రం ఏది నిండినా ఒకటే.

ఇక మొదటి నుంచీ వద్దాం. బివిచ్డ్ 1964 సెప్టెంబరు 17న, గురువారం రాత్రి మొదలైంది. సమాంథా అనే మంత్రగత్తె, మామూలు మనిషి అయిన డారిన్‌ని పెళ్ళి చేసుకుంటుంది, మంత్రాలు మానేస్తానని మాట ఇస్తుంది, మానలేకపోతుంది. ఇంతే కథ. అప్పట్లో అమెరికాలో ఉన్న మూడు పెద్ద నెట్‌వర్కుల్లో ఏబీసీదే వెనకబడిన స్థానం, అలాంటి ఏబీసీకి ఈ సీరియల్ మొదటి సీజన్లోనే దేశం మొత్తం మీద రెండో స్థానం తెచ్చిపెట్టింది. దాని పైన ఉన్నది ఎన్‌బీసీ వాళ్ళ 'బొనాంజా' ఒక్కటే. అవతలి చానల్లో ఇలాంటిది ఒకటి పేలితే మిగతావాళ్ళు ఏం చేస్తారో టీవీలో పనిచేసిన ఎవరినైనా అడగండి, మర్నాడు పొద్దున మీటింగులో మొదటి మాటే 'మనకీ అలాంటిది ఒకటి కావాలి'. ఎన్‌బీసీకీ అలాంటిదే కావాల్సి వచ్చింది. ఆ డిసెంబరుకల్లా జీనీ పైలట్ (నెట్‌వర్కుకి చూపించడానికి తీసే నమూనా ఎపిసోడ్) షూటింగ్ జరిగింది, 1965 సెప్టెంబరు 18న సీరియల్ మొదలైంది. బివిచ్డ్‌కి సరిగ్గా ఏడాది తర్వాత. కాబట్టి బివిచ్డ్ హిట్ కాకపోతే జీనీ పుట్టేది కాదన్నది నిజం. దాన్ని దాచాల్సిన పని లేదు.

కానీ కాపీ అన్న మాట దగ్గర నేను ఆగుతాను. మంత్రగత్తె మామూలు మనిషిని ప్రేమించడం బివిచ్డ్ వాళ్ళ సొంత ఊహేం కాదు. 1942లో 'ఐ మ్యారీడ్ ఎ విచ్', 1958లో 'బెల్, బుక్ అండ్ క్యాండిల్' అని రెండు సినిమాలు అప్పటికే వచ్చాయి, ఆ రెండో సినిమా కొలంబియా వాళ్ళదే. జీనీకి దారి చూపించిన సినిమా వేరే ఉంది, 1964లో వచ్చిన 'ది బ్రాస్ బాటిల్'. పాత ఇత్తడి సీసాలోంచి జీనీ, అంటే యజమాని కోరికలు తీర్చే భూతం, బయటికి రావడం, యజమాని తలనొప్పులు, అన్నీ అందులోనే ఉన్నాయి. అందులో జీనీ మగవాడు. హీరోకి కాబోయే భార్యగా వేసింది ఎవరనుకున్నారు? బార్బరా ఈడెన్. తర్వాత టీవీలో జీనీ అయింది ఆవిడే.

ఆవిడను తీసుకోవడం వెనక ఒక సంగతి ఉంది. కాపీ కొట్టాలనుకున్నవాడు చేసే పని కాదిది. జీనీ సీరియల్‌ని సృష్టించిన షెల్డన్ మొదట పెట్టుకున్న గట్టి నియమం ఒకటే: జీనీకి బంగారు రంగు జుట్టు ఉన్న అమ్మాయిని తీసుకోకూడదు. కారణం, సమాంథాది బంగారు రంగు జుట్టు, ఇద్దరూ ఒకేలా ఉన్నారంటారని. నల్లజుట్టు అమ్మాయిలతో ఎన్నో ఆడిషన్లు చేశాడు, అందాల పోటీల్లో గెలిచినవాళ్ళను కూడా పిలిచి చూశాడు, ఎవరి వల్లా తను రాసుకున్న జీనీ పలకలేదు. ఆ తర్వాతే ఈడెన్‌కి కబురు వెళ్ళింది. పోలిక తప్పించాలని అంత ప్రయత్నం చేసిన మనిషిని దొంగ అనడం నాకు సరిగ్గా తోచదు.

ఇప్పుడు అందరూ చెప్పుకునే అసలు గొడవ, నల్లజుట్టు చుట్టాల గొడవ. బివిచ్డ్‌లో 1966 జనవరిలో, పాప టబితా పుట్టిన ఎపిసోడ్‌లో, సమాంథా కజిన్ సెరీనా దిగుతుంది. నల్లజుట్టు, అల్లరి, చెంప మీద మచ్చ, వేసింది సమాంథాగా వేసిన ఎలిజబెత్ మాంట్‌గొమరీయే. తర్వాత 1967లో జీనీకి అచ్చం తనలాగే ఉండే సోదరి వస్తుంది. నల్లజుట్టు, ఆకుపచ్చ బట్టలు, జీనీ ప్రేమించే మనిషిని కాజేయాలని చూసే రకం, వేసింది ఈడెనే. దీని మీద బివిచ్డ్ వైపు చిరాకు పడ్డారని ఆ సీరియల్ చరిత్ర రాసినవాళ్ళు రాశారు, పడే ఉంటారు, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ పడేవాణ్ణి. తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

కానీ ఇంకో మూడేళ్ళు వెనక్కి వెళ్ళండి. 1963లో ఏబీసీలో 'ది ప్యాటీ డ్యూక్ షో' అని ఒకటి మొదలైంది. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే ఇద్దరు కజిన్లు, ఒకరు అల్లరి, ఒకరు నెమ్మది, రెండూ ఒకే అమ్మాయి వేసింది. ఆ సీరియల్ సృష్టికర్తలు ఇద్దరు. ఒకరు సిడ్నీ షెల్డన్. రెండోవారు విలియం ఆషర్. ఈ ఆషర్ ఎవరంటే బివిచ్డ్ దర్శకుడు, ఆనక నిర్మాత, ఎలిజబెత్ మాంట్‌గొమరీ భర్త! అంటే ఒకే మొహంతో ఇద్దరు కజిన్లనే చిట్కాను షెల్డన్, ఆషర్ కలిసి తయారుచేసి జనం మీద పరీక్షించి చూసుకున్నారు. తర్వాత చెరో సీరియల్లో చెరొకరు వాడుకున్నారు. సెరీనా కూడా చెల్లెలు కాదు, కజిన్ అన్నది గమనించండి, ప్యాటీ డ్యూక్ ముద్ర అక్కడే కనిపిస్తుంది. ఇద్దరూ కలిసి తవ్వుకున్న బావి అది, ఎవరు ముందు చేద వేశారన్నది తేల్చి ఎవరినీ ముద్దాయిని చెయ్యలేం.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఇళ్ళు చూడండి. లాస్ ఏంజిలస్ పక్కన బర్బ్యాంక్‌లో కొలంబియా ర్యాంచ్ అని ఒక స్థలం ఉండేది, షూటింగుల కోసం కట్టిన ఉత్తుత్తి వీధి, వరసగా ఇళ్ళు, బయటి గోడలే తప్ప లోపల కాపురం లేనివి. సమాంథా ఇంటి ముందుభాగం అక్కడే ఉంది. జీనీలో హీరో, వ్యోమగామి మేజర్ నెల్సన్ ఎప్పుడూ భయపడుతూ ఉండే నాసా డాక్టర్ బెలోస్ గుర్తున్నాడా, ఆయన ఇల్లుగా చూపించింది సమాంథా ఇంటినే. మేజర్ నెల్సన్ ఇల్లు అంతకుముందు 'ఫాదర్ నోస్ బెస్ట్' కుటుంబం ఉన్న ఇల్లు. సమాంథా ఎదురింటావిడ, కిటికీలోంచి ఎప్పుడూ తొంగిచూసే గ్లాడిస్ క్రావిట్జ్, ఆవిడ ఇల్లు తర్వాత 'పార్ట్‌రిడ్జ్ ఫ్యామిలీ' ఇల్లయింది. ఒక సీరియల్ వాళ్ళు ఖాళీ చేసిన గడపలోకి ఇంకో సీరియల్ వాళ్ళు వెళ్ళేవారు. ఇంత దగ్గరగా పనిచేసేవాళ్ళ మధ్య అసూయలు లేవంటే నేను నమ్మను, అలాగని దాన్ని యుద్ధం అన్నా నమ్మను.

నటీమణుల కష్టం కూడా చూడండి. అప్పట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. సమాంథా చెయ్యెత్తగానే వంటిల్లు శుభ్రం కావాలంటే, మాంట్‌గొమరీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, కెమెరా కదలకుండా, బొమ్మలా నిలబడాలి. పనివాళ్ళు పరిగెత్తుకొచ్చి గిన్నెలు తీసేసి, టేబుల్ సర్ది పక్కకి తప్పుకుంటారు, అప్పుడు ఆవిడ చెయ్యి దించుతుంది. మధ్యలో భుజం ఒక అంగుళం జారినా తెర మీద ఎగిరినట్టు తెలిసిపోతుంది. ముక్కు కదపడం అని జనం అనుకునేది నిజానికి పైపెదవి కదపడం, అది ఆవిడకు అలవాటుగా ఉంటే ఆషర్ కనిపెట్టి మంత్రంగా మార్చాడు. ఈడెన్‌ది మరో కష్టం. పైలట్ అమ్ముడుపోయి సీరియల్ ఖాయమైన వేళకు ఆవిడ గర్భవతి, మొదటి ఎపిసోడ్లన్నీ మేలిముసుగులు, వల్లెవాట్లు అడ్డం పెట్టుకుని, దగ్గరి షాట్లతో లాగించారు. మాంట్‌గొమరీ కూడా బివిచ్డ్ మొదలయ్యే ముందు, 1964 జులైలో, బిడ్డను కన్నది. ఇద్దరూ ఒకే కష్టంలోంచి వచ్చినవాళ్ళు. ఆ ఇద్దరి మధ్య జుట్టూ జుట్టూ పట్టుకున్నట్టు రాసే వీడియోలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పోటీ లేదా మరి? ఉంది, కానీ అది నెట్‌వర్కుల మధ్య. అందులో కూడా ఈ రెండూ ఎప్పుడూ ఒకే రోజు, ఒకే టైములో ఢీకొనలేదు. బివిచ్డ్ గురువారం నుంచి ఏడేళ్ళు కదల్లేదు. జీనీ మొదటి ఏడాది శనివారం, తర్వాత సోమవారం, తర్వాత మంగళవారం, మళ్ళీ సోమవారం, మళ్ళీ మంగళవారం. షెడ్యూలింగ్ చేసినవాడిగా చెప్తున్నా, ఒక ఫ్యామిలీ కామెడీని ఏడాదికోసారి రోజు మార్చారంటే ఆ ఇంటివాళ్ళకే దాని మీద నమ్మకం లేదని అర్థం. జనం అలవాటు పడేలోపు సీరియల్ మాయం. బివిచ్డ్ మొదటి అయిదు సీజన్లూ టాప్ 12లో ఉంటే, జీనీ అయిదేళ్ళలో ఒక్కసారి కూడా టాప్ 25లోకి రాలేదు. దీనికి బివిచ్డ్ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు.

నమ్మకం లేదనడానికి ఇంకో సాక్ష్యం రంగు. ఎన్‌బీసీ యజమాని ఆర్‌సీఏ, కలర్ టీవీలు తయారుచేసి అమ్మే కంపెనీ. 1965 సెప్టెంబరుకి ఎన్‌బీసీ సాయంత్రం సీరియళ్ళు దాదాపు అన్నీ రంగుల్లోకి వచ్చేశాయి, బ్లాక్ అండ్ వైట్‌లో మిగిలినవి రెండే, అందులో జీనీ ఒకటి. రంగుల్లో మాయల షాట్లు తియ్యడం ఖర్చుతో కూడిన పని, ఈ సీరియల్ రెండో ఏడాది చూస్తుందని పైవాళ్ళకు ఆశ లేదు. షెల్డన్ తన ఆత్మకథలో చెప్పుకున్నదాన్ని బట్టి, రంగుకి ఎపిసోడ్‌కి పైన పడే ఖర్చు 400 డాలర్లే, అది నేనే నా జేబులోంచి పెట్టుకుంటానని ఆయన స్క్రీన్ జెమ్స్ వాళ్ళను అడిగితే, డబ్బు పారేసుకోకు అని సలహా ఇచ్చారట. ఫలితం, మొదటి సీజన్ 30 ఎపిసోడ్లూ బ్లాక్ అండ్ వైట్. ఆ తర్వాత రీరన్లకు స్టేషన్లు రంగు ఎపిసోడ్లనే కోరుకున్నాయి, ఈ 30 ఎపిసోడ్లూ ఏళ్ళ తరబడి మూలన పడ్డాయి. బివిచ్డ్ మొదటి రెండు సీజన్లకు, అంటే 74 ఎపిసోడ్లకు, ఇదే గతి. మంచి రచన అంతా ఎక్కువగా ఆ ఎపిసోడ్లలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక జీనీని నిజంగా దెబ్బకొట్టింది ఏమిటో చెప్తాను. ఈ మొత్తంలో నాకు ముఖ్యమైనది ఇదే. రెండు సీరియళ్ళూ పైకి ఒకేలా కనిపించినా లోపలి బిగువు వేరు. బివిచ్డ్‌లో మొదటి ఎపిసోడ్‌లోనే పెళ్ళయిపోతుంది. అక్కడి గొడవ కాపురంలోది, భార్య పుట్టింటి శక్తులు భర్త పరువుకి అడ్డం, మధ్యలో అత్తగారు ఎండోరా అల్లుడి పేరు కూడా సరిగ్గా పలకదు. ఆ గొడవ ఎనిమిదేళ్ళు నడిచినా అరగదు, ఎందుకంటే కాపురం ఉన్నన్నాళ్ళూ అది ఉంటుంది. జీనీలో పెళ్ళి లేదు. వ్యోమగామి ఇంట్లో, నాసాకు తెలియకుండా, ఒక అమ్మాయి సీసాలో ఉంటోంది, ఆవిడ అతన్ని ప్రేమిస్తోంది, అతను ఒప్పుకోడు, డాక్టర్ బెలోస్ ఏదో కనిపెట్టబోతున్నాడు. ఆ రహస్యం, ఆ ఎదురుచూపు, అవే దాని ప్రాణం. అయిదో సీజన్లో ఇద్దరికీ పెళ్ళి చేసెయ్యండని ఎన్‌బీసీ పట్టుబట్టింది. షెల్డన్ వద్దన్నాడు. హీరో ల్యారీ హ్యాగ్‌మన్ (తర్వాత 'డాలస్'లో జే ఆర్ అయింది ఈయనే) వద్దన్నాడు, ఈడెన్‌కీ ఇష్టం లేదు. వినలేదు. 1969 డిసెంబరు 2న పెళ్ళి ఎపిసోడ్ వచ్చింది, 1970 మేలో సీరియల్ అయిపోయింది. జీనీని చేతులారా బివిచ్డ్‌గా మార్చారు. కాపీ అనే మాట దేనికైనా వాడాలంటే దీనికి వాడండి, ఆ పని చేసింది రచయిత కాదు, నెట్‌వర్కు.

బివిచ్డ్‌ని కూడా ముంచింది జీనీ కాదు. డారిన్‌గా వేసిన డిక్ యార్క్ 1959లో ఒక సినిమా షూటింగులో నడుముకి తగిలిన దెబ్బతో పదేళ్ళు నొప్పి భరిస్తూ పనిచేసి, ఇక చాతకాక 1969లో తప్పుకున్నాడు, ఆ స్థానంలో డిక్ సార్జెంట్ వచ్చాడు. అప్పటి నుంచే పట్టు సడలింది. ఆ తర్వాత ఏబీసీ గురువారం నుంచి కదిపి 1971లో బుధవారానికి, 1972 జనవరిలో శనివారం రాత్రి ఎనిమిదికి మార్చింది. ఆ టైములో మూడో నెట్‌వర్కు సీబీఎస్‌లో వచ్చేది 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'. దేశమంతా యుద్ధం గురించీ జాతి గురించీ భోజనాల బల్ల దగ్గర అరుచుకునే ఆ కుటుంబాన్ని చూస్తోంది, అప్పటికి అదే నంబర్ వన్. ఎనిమిదేళ్ళ సీరియల్‌ని తీసుకెళ్ళి దాని ఎదురుగా నిలబెట్టారు. మార్చికల్లా కొత్త ఎపిసోడ్లు ఆగిపోయాయి. నా లెక్కలో ఇద్దరి ముగింపూ సొంత చానళ్ళ చేతిలోనే రాసిపెట్టి ఉంది.

మూడో ప్రశ్నకి కాస్త వివరం. షెల్డన్ జీనీ నాటికే పాత చేయి, 1947లో వచ్చిన సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్నవాడు. జీనీలో ఎక్కువ ఎపిసోడ్లు ఆయనే రాశాడు, తన పేరు టైటిల్స్‌లో మరీ ఎక్కువసార్లు పడుతోందని కొన్నింటికి మారుపేర్లు పెట్టుకున్నాడు. ఆ సీరియల్ చివరి రోజుల్లోనే ఆయనకు ఒక కథ తట్టింది, పాత్ర మనసులో జరిగేదే ఎక్కువగా ఉండటంతో అది తెరకు పనికిరాదనిపించి నవలగా రాశాడు. అదే 'ది నేకెడ్ ఫేస్', 1970, జీనీ ఆగిపోయిన ఏడాదే. అప్పటికి యాభై దాటాయి. కోఠీలో పాత పుస్తకాల కుప్పల్లో మనం బేరమాడి కొనుక్కున్న ఆ లావుపాటి పేపర్‌బ్యాకులన్నీ ఆ తర్వాత వచ్చినవే.

చూడాలనుకుంటే రెండింటి మొదటి సీజన్లతో మొదలుపెట్టండి. తర్వాత రంగు వేసిన కాపీలు వచ్చాయి, అవి వద్దు, అసలు బ్లాక్ అండ్ వైట్‌వే వెతకండి. సెరీనా మొదటిసారి వచ్చే 1966 జనవరి ఎపిసోడ్, జీనీ సోదరి దిగే 1967 ఎపిసోడ్ ఒకే సాయంత్రం వరసగా చూడండి, వీలైతే వాటికి ముందు ప్యాటీ డ్యూక్ షో ఒకటి. చూశాక మీకు ఏమనిపించిందో ఇక్కడే రాయండి, ముఖ్యంగా ఆ మూడు జోడీల్లో ఏది దేనికి దగ్గర అన్నది.